ఆవు మేసిన నోటీసు

లెక్కల తనిఖీ ముగించాలి. ఇంటిపన్నుల జాబితా సరిచూడాలి. కుళాయి నీళ్లు పరీక్షకు పంపాలి. వచ్చే ఏడాది పనుల ముసాయిదాను పదిహేను రోజులు జనం కళ్లెదుట ఉంచాలి. అభ్యంతరాలు వస్తే జవాబు చెప్పాలి. ఇవన్నీ చేస్తేనే రాష్ట్రం తాను వసూలు చేసే పన్నుల్లో మా ఊరి వాటా ఇస్తుంది. ఏ ఒక్కటి తప్పినా ఆ ఏడాదికి అంతే.

నాలుగో పని నాది. నేను ఒక నోటీసు బోర్డును. గంగరాయిపేట మునిసిపల్ ఆఫీసు వరండాలో నలభై ఏళ్లు వేలాడాను. నన్ను పనస చెక్కతో చేసిన వడ్రంగి వీరాచారి, "దీనికి చెద పట్టదండీ, చదివేవాళ్లే దొరకాలి" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమైంది. జనం నాకు ఆనుకుని బీడీలు కాల్చారు, గొడుగులు తగిలించారు. చదివినవాళ్లు తక్కువ.

నాకు కాగితాలు అంటించేది అటెండరు సన్యాసిరావు. మైదా ఉడికించి, పశువులు ముట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాడు. ఆ చేదు వాసన ఇప్పటికీ గుర్తే. ఒక ఏడు ముసాయిదా అంటించే రోజునే తుత్తం నిండుకుంది. "ఈరోజు తారీఖు దాటకూడదయ్యా, అంటించేయ్" అని మేనేజరు శేషగిరి తొందరపెట్టాడు. సన్యాసిరావు ఉత్త మైదాతోనే అంటించాడు.

ఆఫీసు ముందు జామకాయలమ్మే అసిరమ్మ బుట్ట దించి వచ్చింది.

"ఏటి రాసినారు బాబూ? మా కొండవీధి పేరుందేటి?"

సన్యాసిరావు మొత్తం చదివాడు. "లేదే అప్పా."

"మూడు కుళాయిలు బజారుకేనా? మావేటి, నీళ్లు తాగమా?"

మూడో రోజున ఎవరిచేతో అర్జీ రాయించి, వేలిముద్ర వేసి ఇచ్చింది. శేషగిరి మండిపడ్డాడు. "అభ్యంతరమా! వచ్చే వాటాకే ఎసరు పెడుతున్నావే!" అయినా రిజిస్టరులో ఎక్కించక తప్పలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి, తన వీధి పేరు ఎక్కిందేమో అని అడిగేది. అన్నేళ్లలో నా కోసం రోజూ వచ్చింది ఆవిడొక్కతే.

పదిహేను రోజులు నిండాక నోటీసును ఊడదీసి, వెనుక సన్యాసిరావు సంతకం పెట్టి, ఫైలులో ఉంచడం రివాజు. పదహారో రోజు పొద్దున అతను తాళాలు తీసేలోపే ఒక ఆవు వరండా ఎక్కి, మైదా రుచికి కాగితం మొత్తం నాకేసింది. పదకొండింటికి జిల్లా నుంచి తనిఖీ అధికారి వచ్చాడు.

"నోటీసేది?"

"ఆవు తినేసిందండి," అన్నాడు సన్యాసిరావు, తల వంచుకుని.

"ఆవుని సాక్ష్యానికి పిలవమంటావా? అంటించారని నాకు రుజువు కావాలి. లేదంటే వాటా లేదని రాసుకుపోతాను."

అప్పుడు అసిరమ్మ మెట్లెక్కింది.

"బాబూ, పదిహేను రోజులూ నానిక్కడే కూకున్నాను. కాగితం ఈడే ఉంది. మా ఈది పేరు మాత్రం నేదు. అర్జీ కూడా ఎట్టినాను, సూసుకోండి."

అధికారి రిజిస్టరు తెప్పించి చూశాడు. నోటీసు అంటించిన మూడో రోజు తారీఖు, వేలిముద్ర, అభ్యంతరం. ఆవిడ చెప్పిందంతా రాయించుకుని, కళ్లజోడు తీశాడు.

"నోటీసు ఉన్నట్టే. మరి ఈవిడకి జవాబు చెప్పారా?"

చెప్పలేదు. అదీ షరతే కదా! ఆ మధ్యాహ్నమే కౌన్సిలు కూర్చుని కొండవీధికి ఒక కుళాయి రాసింది. ఫైలు సాయంత్రం బస్సుకి వెళ్లింది. ఆ ఏడు ఊరికి వాటా వచ్చింది.

ఇప్పుడు నోటీసులు కంప్యూటరులో పెడుతున్నారట. నేను స్టోరు రూములో, విరిగిన కుర్చీల వెనుక ఉన్నాను. అసిరమ్మ పోయి చాలా కాలమైంది. కొండవీధి మొదట్లో ఆ కుళాయి ఇంకా ఉంది. ఎప్పుడైనా అక్కడ దోసిలి పట్టి నీళ్లు తాగితే, చదువు రాకపోయినా నన్ను చదివించుకున్న ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.