పచ్చ స్టిక్కరు ఫోను

నా టేబుల్ మీద నాలుగు ఫోన్లు ఉండేవి. ఎర్ర స్టిక్కరు ఫోను మోగితే నేను బెంగుళూరు కంపెనీలో పనిచేసే వరలక్ష్మిని. నీలంది మోగితే ఇంకో కంపెనీ, ఇంకో పేరు. పచ్చ స్టిక్కరు ఫోను మోగితే మాత్రం నేను నేనే, జీవమణి, హెచ్ఆర్ మేనేజర్. అసలు సంగతేమిటంటే ఆ నాలుగు కంపెనీల్లో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ బ్యానర్ల వెనక మూడో అంతస్తులో ఒక గది, అందులో అద్దాల క్యాబిన్, ఆ క్యాబిన్‌లో మా సారు చక్రపాణి గారు.

అనుభవం లేని పిల్లలకు అనుభవం ఉన్నట్టు సారు లెటర్లు ఇచ్చేవారు. ఉద్యోగమిచ్చే కంపెనీ వాళ్లు ఇది నిజమేనా అని ఫోన్ చేస్తే, "అవునండీ, మా దగ్గర రెండున్నరేళ్లు చేశారు, చాలా మంచి మనిషి" అని నేను చెప్పాలి. నా గొంతు వింటే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది. చర్చిలో చిన్నప్పటినుంచీ పాటలు పాడిన గొంతు. సిగ్గు లేకుండా దాన్ని తెచ్చి అక్కడ వాడాను. ఆదివారం సండే స్కూల్లో పిల్లలు పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ దగ్గర తడబడితే అందించేదాన్ని కూడా నేనే.

మా బోరబండ చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాలు చెబుతారు. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటారు. ఏడాదిపాటు ఖాళీగా తిరిగాక ఈ పని దొరికిన వారం నేనూ లేచాను. ఫోన్లు ఎత్తే పని దొరికిందంటే ఏం బాగుంటుంది? దేవుడు నన్ను హెచ్ఆర్ మేనేజర్‌ని చేశాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. సాక్ష్యం చెప్పేవాళ్లకు మైకు తెచ్చి ఇచ్చేది మా తమ్ముడు నేతన్. ఆ రోజు వాడి కళ్లలో నీళ్లు. నా విజిటింగ్ కార్డు ఒకటి అడిగి తీసుకుని బైబిల్లో పెట్టుకున్నాడు.

వాడు ఎంసీఏ చేసి ఏడాదిన్నర అయింది. వాడి స్నేహితులంతా మా సారు లాంటి వాళ్ల దగ్గర లెటర్లు తీసుకుని హైటెక్ సిటీ బస్సులెక్కారు. వీడు ఎక్కలేదు. "మస్తు మంది చేస్తున్నరు, నాకెరుకే అక్కా. లేని ఎక్స్‌పీరియన్స్ నేను రాసుకోను. దేవుడు చూస్తుండు" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ మంగళవారం పొద్దున బస్టాపులో వాడి ముఖం వెలిగిపోతోంది.

"పంజాగుట్ట కంపెనీల ఆఖరి రౌండ్ సుత అయిపోయింది అక్కా. గీ వారమే చెప్తరట. జర ప్రార్థన చెయ్యి."

చేస్తానన్నాను. పదింటికి ఆఫీసుకు వెళ్లేసరికి నా టేబుల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒకతను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. పేరు ప్రమోద్, తెనాలి నుంచి వచ్చాడు. అతనికి మేమే ఇచ్చిన లెటర్ నకలు నా ముందు పెట్టి, "పచ్చ ఫోనుకి కాల్ వస్తుందమ్మా, పదకొండింటికి. వెరిఫికేషన్ చేసే ఆవిడ పేరు మంజూష. జాగ్రత్త" అని సారు క్యాబిన్‌లోకి వెళ్లారు.

కాగితం అడుగున, అతనికి ఉద్యోగమివ్వబోయే కంపెనీ పేరు సారు పెన్నుతో రాసి పెట్టారు. చదివాను. మళ్లీ చదివాను. నేతన్ ఆఖరి రౌండ్ దాటిన పంజాగుట్ట కంపెనీయే.

చాలా పోస్టులు ఉంటాయిలే అనుకున్నాను. ఇద్దరికీ వస్తుందిలే అనుకున్నాను. పదకొండు కొట్టింది. పచ్చ ఫోను మోగింది.

ఇంగ్లీషులో మొదలైన మాట రెండో నిమిషానికి తెలుగులోకి దిగింది. మంజూషది చకచకా మాట్లాడే గొంతు.

"మీరేనా జీవమణి గారు? మంచిదైంది, ఒక్క ఫోన్‌తో రెండు పనులు అయిపోతాయి. నేతన్ మీ తమ్ముడట కదా? అప్లికేషన్‌లో రెఫరెన్స్ కింద మీ పేరు, మీ కంపెనీ రాశాడు. కార్డు కూడా జిరాక్స్ తీసి పెట్టాడు."

బైబిల్లో దాచుకున్న కార్డు! అబద్ధం ముక్క రాయనన్నవాడు, నన్ను నమ్మి నా అబద్ధాన్ని తన అప్లికేషన్‌కి కుట్టుకున్నాడు.

"ఉన్నది ఒక్క పోస్టేనండీ" అంది మంజూష. "అనుభవం ఉందని ప్రమోద్ గారిని ముందు పెట్టాం. ఆయనది సరిగ్గా ఉంటే ఆయనకే. తేడా వస్తే మీ తమ్ముడికి. చెప్పండి, ప్రమోద్ గారు మీ దగ్గర పనిచేశారా?"

ఎదురుగా ప్రమోద్ నా పెదాలకేసి చూస్తున్నాడు. అద్దం వెనక నుంచి సారు చూస్తున్నారు. రోజూ చెప్పే ముక్క చెబితే నేతన్‌కి నా చేత్తో నేనే తలుపు మూసినట్టు. దేవా అనబోయి ఆగిపోయాను. ఆ టేబుల్ దగ్గర ఆ పేరు ఒక్కనాడూ తలచుకోలేదు, అవసరమొచ్చింది కాబట్టి ఇప్పుడు పిలవాలంటే భయమేసింది.

"లేదండీ. ఆయన ఇక్కడ పని చెయ్యలేదు."

ప్రమోద్ కుర్చీలోంచి సగం లేచాడు.

"అలాగా!" అంది మంజూష. కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "అయితే మీ తమ్ముడిదే. మీలాంటి వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబితే మాకు ఎంత మేలో."

అక్కడ ఆగితే చాలు. ఉద్యోగం మా ఇంటికొస్తుంది. చెప్పింది నిజమే కదా, తప్పేముంది? ఆదివారం నేతన్ సాక్ష్యం చెబుతాడు, అందరూ స్తోత్రం అంటారు. నేను కింద కూర్చుని వింటాను. నిజాన్ని సగానికి కోసి నా తమ్ముడికి పెట్టానని నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఎదుటి పిల్లవాడి ఉద్యోగం మాత్రం పోతుంది. ఫోను పెట్టేయడానికి చెయ్యి వంచాను కూడా. మళ్లీ చెవికి ఆనించుకున్నాను.

"మేడమ్, ఇంకోటి ఉంది" అన్నాను. "ఇక్కడ కంపెనీయే లేదండీ. నేను మేనేజర్ని కాను. అబద్ధం చెప్పడానికే ఈ ఫోన్లు పెట్టిన్రు. మా తమ్మునికి ఎరుక లేదు. వాడు నిజమనుకునే రాసిండు."

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడైంది.

"రెఫరెన్స్ తప్పుదైతే అప్లికేషన్ పక్కన పెట్టాలండీ. అది మా రూలు" అంది మెల్లగా. "అతని తప్పు లేదని నేను రాస్తాను. వింటారని చెప్పలేను."

అప్పటికే సారు పరుగెత్తుకొచ్చి గోడలోంచి వైరు పీకేశారు. "ఏంటమ్మా ఇది? మతి పోయిందా మీకు? ఎంతమంది పిల్లల బతుకులో తెలుసా?" అని అరిచారు. నేను బ్యాగు తీసుకున్నాను. మెట్ల దగ్గర ప్రమోద్ అడ్డం వచ్చాడు. అరవలేదు.

"నాకు లెటర్ ఇచ్చిన రోజు కూడా మీరు ఇక్కడే కూర్చున్నారు. అప్పుడే చెప్పొచ్చు కదా మేడమ్?"

అతన్ని తప్పుకుని మెట్లు దిగాను.

యూసుఫ్‌గూడ దాకా నడిచాను. నా పాపానికి నన్ను కొట్టు, వాడినెందుకు కొడతావని దేవుణ్ణి దారి పొడుగునా నిలదీశాను. అడుగుతుంటేనే తట్టింది. నేను ఎత్తిన ప్రతి ఫోను వెనకా నేతన్ లాంటి వాడొకడు ఉండే ఉంటాడు. వాళ్ల పేర్లు నాకెవరూ చెప్పలేదు. ఈసారి చెప్పారు, అంతే తేడా.

ఇంటికెళ్లి నేతన్‌కి అంతా చెప్పాను. వాడు బైబిల్లోంచి కార్డు తీసి నా ముందు పెట్టి బయటికి పోయాడు. గురువారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, తీసుకోవడం లేదని. ఆ వారమంతా వాడు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఆదివారం వచ్చింది. పాస్టరు గారు, "సాక్ష్యాలు ఉన్నవాళ్లు లేవండి" అన్నారు. లేచాను. పక్కన చాప మీద కూర్చున్న చిలకమ్మ పెద్దమ్మ నా చెయ్యి నిమిరి, "మళ్ల ప్రమోషనా బిడ్డా?" అని నవ్వింది. నలుగురూ నా వైపు తిరిగి నవ్వుముఖాలతో చూస్తున్నారు. మగవాళ్ల వైపు గోడ దగ్గర మైకు పట్టుకుని నేతన్ నిలబడి ఉన్నాడు. కదల్లేదు. పాస్టరు గారు వాడి పేరు పిలిచారు. అయినా కదల్లేదు.

మైకు లేకుండానే చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు వచ్చాడు, చాపల మధ్య నుంచి తల వంచుకుని.

"స్విచ్ వేసే ఉంది అక్కా" అన్నాడు. "ఏం దాచకు. మొత్తం చెప్పు."

మైకు నా చేతికిచ్చి వాడు వెనక్కి పోలేదు. ఆడవాళ్ల వైపే, నా పక్కన నిలబడ్డాడు.