వెండి పాదాలకు దిగింది

నాకున్న భయాలన్నిటిలో పెద్దది ఇదే: మా తమ్ముడు ఫాల్క్ ఇక రాడేమోనని. నా పాప ఊపిరి పీలుస్తోందో లేదో అని నిద్రలోంచి లేచి చూసుకునే మనిషిని నేను. దానికన్నా ఇదే పెద్దది.

మాది మైసెన్ ఊరి పక్కన, ఎల్బే నది ఒడ్డు. వేలాడే చెవుల పెద్ద కుందేళ్లను వెండి కుందేళ్లతో కలిపి మేం పెంచే ఈ జాతిని మా వైపే పుట్టించారు. ఇప్పుడు పెంచేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెవులు బుగ్గల పక్కన గుర్రపు నాడాలా వాలాలి. ముక్కు నుంచి పాదాల దాకా వెండి రంగు సమంగా పరుచుకోవాలి. పిల్లలు మాత్రం నల్లగా పుడతాయి. వెండి తర్వాత మెల్లగా వస్తుంది.

ఫాల్క్ నార్వేలో చేపల పనికి వెళ్లేముందు వాడి కుందేలు ఈనింది. ఒక్క పిల్లే దక్కింది. ఒక చెవి వాలింది, ఒకటి నిలబడింది.

"ఒక చెవి ఇంట్లో, ఒకటి ఊరవతల. అచ్చం నాలాగే," అన్నాడు వాడు. "అక్కా, వెండి పాదాలకు దిగేసరికి వచ్చేస్తా. ఈలోగా దీన్ని కూర వండేసేవు."

"ముందు నువ్వు తిను. ఎముకలగూడులా ఉన్నావు."

వాడు వెళ్లాక, చెవుల్లో పచ్చబొట్టు నంబరు పొడవడానికి కుందేళ్ల పెంపకందార్ల సంఘం నుంచి ఎర్డ్‌మన్ తాత వచ్చాడు.

"దీనికెందుకే? చెవి చూస్తే సగం, రంగు చూస్తే మసి. ఆదివారం కుండలోకి బాగుంటుంది."

"పొడవండి తాతా."

"పొడిస్తే వెండి వస్తుందా, పిచ్చిపిల్లా?"

"పొడవకపోతే ప్రదర్శనకు రానివ్వరుగా. అది ఫాల్క్‌ది."

తాత సూదులు తీశాడు. పొడిచి, చెవి మీద సిరా రుద్ది, ఆ పిల్లను కాసేపు ఒళ్లోనే ఉంచుకున్నాడు.

ఫాల్క్ ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న. "వచ్చిందా?"

"ఇంకా లేదు."

"అయితే నేనూ ఇంకా రాను," అని నవ్వేవాడు.

ముందు ముక్కు మీద నెరిసింది. తర్వాత వీపు. చలి మొదలయ్యేసరికి రెండో చెవి కూడా వాలిపోయింది. నిన్న వెనక కాళ్లు వెలుతురులోకి తిప్పి చూశాను. గోళ్ల దాకా వెండే. వాడికి చెబుదామని ఫోన్ చేశాను. పంటకోతలు మొదలైనప్పటి నుంచీ ఎప్పుడు చేసినా అది మోగుతూనే ఉంటుంది, ఎవరూ తీయడం లేదు.

చంటిపిల్లతో నేను కదల్లేను. మీలో ఎవరైనా నార్వేలో బెర్గెన్ వైపు వెళ్తే, రేవు దగ్గర చేపల షెడ్లలో ఫాల్క్ అని అడగండి. సన్నగా ఉంటాడు. వెండి పాదాలకు దిగిందని చెప్పండి. తింటున్నాడో లేదో కాస్త చూసి రండి.