ఉప్పు జాడీ మీది సగం పళ్ళెం

అతుకులమ్మ అతికిన పళ్ళేన్ని చూసి క్యూరేటరు రెండు చేతులూ జోడించాడు. ఆ దండం పళ్ళేనికే గానీ తనకి కాదని ఆమెకు తెలుసు. అయినా పుచ్చుకుంది.

"అతుకు ఎక్కడుందో చూపించమ్మా," అన్నాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి.

"చూపించేలా ఉంటే ఇక నేనెందుకు సార్?"

ఆయన గట్టిగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం. దొర బంగళాను మ్యూజియం చేసే పని నెత్తినేసుకున్న దగ్గర్నించీ ఆయనకు నిద్ర సరిగ్గా లేదు. పైకప్పు కారింది, చెదలు పట్టింది, ప్రారంభానికి రావలసిన పెద్దమనుషులు రెండుసార్లు వాయిదా వేశారు. ఇప్పుడు అన్నీ కుదిరాయి. రేపు మధ్యాహ్నమే ప్రారంభం. భోజనాల గదిలో పొడవాటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ నీలం తీగ అంచున్న పింగాణీ పళ్ళెం. ప్రతి పళ్ళెమూ మట్టిలోంచి ముక్కలుగా వచ్చిందే. అతుకులమ్మ ఇసుక తొట్టెలో నిలబెట్టి, జిగురు ఆరేదాకా కాపలా కాసి, ఒక్కొక్కదానికీ ప్రాణం పోసింది. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆ ఆవరణలో ఎవరికీ గుర్తులేదు.

బల్ల తలాపున, దొర కూర్చునే చోట మాత్రం ఇప్పటిదాకా ఖాళీగా ఉంది. అక్కడ పెట్టవలసిన పెద్ద పళ్ళెం దొరకలేదు. చివరికి బంగళా వెనక నౌకర్ల గదుల వరసలో జరిగిన తవ్వకంలో రెండు సగాలు దొరికాయి. ఒకటి ఒక గదిలోది, ఇంకొకటి నాలుగు గుమ్మాల అవతలిది. తీగ ఒకటే, కొలత ఒకటే. అంచులు మాత్రం సరిగ్గా కరుచుకోలేదు. అరిగిపోయి ఉంటాయిలే అనుకుని మధ్యలో సున్నపు ముద్ద నింపి, ఆరాక నున్నగా రుద్ది, దాని మీద నీలం తీగను తన చేత్తో పొడిగించింది. విరిగిన అంచు పొడుగునా సన్నని గీత ఒకటి కనిపిస్తే, దొర కత్తి గాటయి ఉంటుందని రంగుతో కప్పేసింది.

క్యూరేటరు పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తుకెళ్ళి బల్ల తలాపున పెట్టాడు. దాని వెనక గోడ మీద కొత్తగా బిగించిన పలక ఉంది. దొరసాని అచ్చేయించుకున్న జ్ఞాపకాల్లోంచి తీసిన మాటలవి: "ఈ జనం మంచివాళ్ళే. కానీ వీళ్ళ చేతుల్లో పింగాణీ నిలవదు. ఎప్పుడూ చేతులు జారుతూనే ఉంటాయి."

"చూసేవాళ్ళు ఇక్కడ తప్పకుండా నవ్వుతారు," అన్నాడాయన.

పలక వచ్చిన రోజున అతుకులమ్మ కూడా నవ్వింది.

*

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఊళ్ళోవాళ్ళ పెంకులన్నీ వేళ్ళతో తడిమి చూసే మనిషి తన వంటింట్లో ఉన్న పెంకును కాపురానికి వచ్చిన దగ్గర్నించీ ఒక్కసారీ చూడలేదు. ఉప్పు జాడీ మీద మూతగా ఉండే సగం పళ్ళెం అది. తెల్లటిది, చుట్టూ సన్నని ఆకుపచ్చ గీత. జాడీ మూతిలో సగమే కప్పుతుంది. మిగతా సగానికి అత్తగారు గుడ్డ కడుతుంది.

ఆ సాయంత్రం ఉప్పు కోసం దాన్ని ఎత్తితే బొటనవేలు అంచు మీద పడి ఆగిపోయింది. అతికే ముందు మ్యూజియం సగాల అంచుల మీద తిరిగిన వేలే అది. అదే గాడి.

జారిపడ్డ పళ్ళెం ఎలా పగులుతుందో ఆమెను నిద్రలో అడిగినా చెప్తుంది. పగులు తన దారి తాను చూసుకుంటుంది. వంకర పోతుంది, పెచ్చులు ఊడుతుంది, నక్షత్రంలా చీలుతుంది. ఇది అలా లేదు. ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా వెళ్ళింది. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. పైపూత మీద సన్నని గీత. మేకుతోనో, చెకుముకి రాయితోనో మళ్ళీ మళ్ళీ గీసి, ఆ గీత మీద విరిచారు.

"పొయ్యి మీద మాడుతోందే!" అని వసారాలోంచి కేకేసింది అత్తగారు.

"అత్తయ్యా, ఈ పళ్ళెం ఎప్పుడు పగిలింది?"

"పగిలిందని ఎవరు చెప్పారు నీకు? పగలగొట్టారు. గీత గీసి మరీ."

అతుకులమ్మ పొయ్యి ఆపి, పళ్ళెం చేత్తో పట్టుకునే వసారాలోకి వచ్చింది. ముసలామె వీధి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు లారీ ఎక్కడానికి బయల్దేరాడు. అతను సందు మలుపు తిరిగేదాకా ఆమె ఆ తలుపు వదలదు. లోపలికి రమ్మంటే కసురుతుంది. మనిషి కనుమరుగయ్యాక కూడా కాసేపు అలాగే నిలబడి, అప్పుడు వచ్చి కూర్చుంది.

"ఎవరు పగలగొట్టారు?"

"మా ముత్తవ్వ వాళ్ళమ్మ. ఏదో ఊళ్ళో దొర ఇంట్లో ఆయా. దొరకి బదిలీ అయింది. బదిలీ అయితే ఏం తీసుకెళ్తారు? మంచాలు, కుర్చీలు, గుర్రాలు, ఆయా. దొర బిడ్డకి పాలిచ్చే మనిషికి సొంత బిడ్డ అడ్డం కదా, దాన్ని మాత్రం వదిలేసి రమ్మన్నారు. ఓడ ఎక్కాలట."

"పళ్ళెం?"

"చెప్పనియ్యవేం! పళ్ళెం పగిలితే ఆ ఇంట్లో వాతలు పడేవి. తెలిసే తెచ్చింది, బల్ల మీది మంచి పళ్ళెమే. గీత గీసి, మోకాలి మీద పెట్టి విరిచి, ఒక సగం బిడ్డ దగ్గర పెట్టింది, ఒక సగం నడుముకి కట్టుకుంది. పిల్లల ముఖం మారిపోతుంది, పళ్ళెం అంచు మారదు, తిరిగొచ్చాక ముక్కకి ముక్క పెట్టి పోల్చుకుంటాను అందట. దొరసానితో మాత్రం 'చేయి జారిందమ్మా' అంది. వాతలు పెట్టించుకుంది, వెళ్ళింది."

"వచ్చిందా?"

"వస్తే ఇది ఉప్పు మీద ఎందుకుంటుందే, పిచ్చిమొహమా?"

అతుకులమ్మ పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"కాపురానికొచ్చిన వారానికే 'ఈ పెంకు పారేయండి, మంచి మూత కొనుక్కొస్తాను' అన్నావు. ఆ నోరు చూశాక ఇంకేం చెప్పను? దాచుకున్నాను."

*

తెల్లారగానే అతుకులమ్మ బంగళా ముందు గుమ్మం వైపు చూడకుండా వెనక వైపుకు నడిచింది. తవ్వకం దగ్గర మట్టి మేడం ఒక్కతే ఉంది. పెద్ద చదువు చదివి, ఏడాదిగా ఆ నౌకర్ల గదుల మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చుని పనిచేస్తున్నందుకు వచ్చిన పేరది. ఆ పేరు ఆమెకి ఇష్టం.

"మేడం, నాకిచ్చిన ఆ రెండు సగాలు గదుల్లో ఎక్కడ దొరికాయి?"

"గడపల కింద. పళ్ళెం బోర్లించి, మీద మట్టి కప్పి. ఆ రెండే కాదమ్మా, అన్ని గడపల కిందా ఒక్కో సగం ఉంది. ఎక్కడా రెండో సగం లేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. చెత్త పూడ్చారని క్యూరేటరు గారు తేల్చేశారు. నాకు అలా అనిపించలేదు, కానీ చూపించడానికి నా దగ్గర ఏముంది?"

అతుకులమ్మ కొంగు విప్పి ఉప్పు జాడీ మూత చూపించింది. గాడి మీద ఆమె వేలు పెట్టించింది. అత్తగారి మాటలు అత్తగారి గొంతుతోనే చెప్పింది. మట్టి మేడం విని, తవ్విన గుంటల వరస వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ గడపలన్నీ ఇప్పుడు ఆమెకు వేరుగా కనిపిస్తున్నాయి.

"అంటే నాకొచ్చిన రెండు సగాలూ రెండు వేర్వేరు పళ్ళేలవి," అంది అతుకులమ్మ. "ఇద్దరు వేర్వేరు మనుషులవి. ఒక్కొక్కరి కోసం ఒక్కొక్కరు ఎదురుచూశారు. నేను పోయి వాటిని కలిపి కుట్టేశాను మేడం. పెళ్ళి సంబంధం కుదిర్చినట్టు. కలిపి ఆ దొర ముందు పెట్టాను."

"మీకు తెలియదు కదమ్మా."

"ఇప్పుడు తెలిసింది."

*

క్యూరేటరు భోజనాల గదిలో పూలకుండీలు సర్దిస్తున్నాడు. అతుకులమ్మ చెప్పిందంతా నిలబడే విన్నాడు. చెడ్డవాడేం కాదు. కథ దగ్గర కాస్త కళ్ళు చెమర్చాయి కూడా.

"చాలా బాగుందమ్మా. వచ్చే ఏడాది దీని గురించి ప్రత్యేకంగా ఏదైనా చేద్దాం."

"వచ్చే ఏడాది కాదు సార్. ఆ పళ్ళెం విప్పేస్తాను."

"ఏమిటీ? మధ్యాహ్నం వాళ్ళొస్తుంటే! చేతులారా చేసుకున్న పని చెడగొట్టుకుంటావా?"

"నేను చేసిందే కాబట్టి నేనే చెడగొట్టాలి."

"ముట్టుకున్నావంటే రేపట్నించి నీకిక్కడ పని లేదు."

ఇలాంటి పని ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. గిన్నెకి మాట్లు వేసేవాళ్ళే ఇప్పుడు లేరు, పింగాణీకి జిగురు పెట్టేదాన్ని ఎవరు పిలుస్తారు? భయం భయంగానే బల్ల తలాపు దాకా నడిచింది. భయం భయంగానే పళ్ళేన్ని పొట్టకి అదుముకుంది. తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆమెకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు: విప్పలేని అతుకు వెయ్యకు. నీకంటే తెలిసినవాడు రేపు వస్తాడు, వాడికి దారి ఉంచు. అందుకే ఆమె వాడే జిగురు ద్రావకం తగిలితే కరుగుతుంది. దూదిని దాంట్లో ముంచి అతుకు పొడుగునా పరిచింది. ఆవిరి పోకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టింది. గోళ్ళరంగు చెరిపేటప్పుడు వచ్చే ఘాటు గదంతా కమ్మింది.

తలుపు దబదబలాడింది.

"తలుపు తియ్యమ్మా!"

"ఘాటుగా ఉంది సార్, మీకు దగ్గొస్తుంది."

"నా దగ్గు సంగతి నేను చూసుకుంటాను! ఆ పళ్ళెం ప్రభుత్వానిది!"

"రెండు సగాలూ ప్రభుత్వానివే సార్. అతుకు నాది. నాది నేను తీసుకుంటున్నాను."

తలుపు అవతల ఆయన గొంతు తగ్గించి బతిమాలాడు. "ఒక్క పూట ఆగు తల్లీ. సాయంత్రం నేనే తెచ్చిస్తాను."

"ఇప్పటిదాకా వాళ్ళు ఆగింది చాల్లెండి."

కాగితం విప్పి, సున్నపు ముద్దను తడి కర్రపుల్లతో కొద్దికొద్దిగా తవ్వింది. తను గీసిన నీలం తీగ పొడిపొడిగా రాలింది. అంత బాగా తీగ గీయడం ఆమెకు మళ్ళీ వస్తుందో రాదో. రంగు కింద ఉన్న గీత బయటపడింది. కత్తి గాటు అనుకున్నది ఎవరో కూర్చుని, చెయ్యి వణకకుండా గీసిన గీత. చివరికి రెండు సగాలూ పెనుగులాట లేకుండా విడిపోయాయి. ఆమె వాటిని తుడిచి, దేని గుడ్డలో దాన్ని విడివిడిగా చుట్టింది.

తలుపు తీసి, ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళి, బల్ల తలాపున రెండు సగాలనూ ఎడంగా పెట్టింది. మధ్యలో అరచెయ్యి పట్టేంత జాగా వదిలింది.

"తీసెయ్. ఖాళీగానైనా ఉండనీ," అన్నాడు క్యూరేటరు, పళ్ళు బిగబట్టి.

"ఈ బల్ల మీద ఉన్నవన్నీ నా అతుకులే సార్. సీసాలో ఇంకా ద్రావకం ఉంది."

ఆయన ఆమె ముఖం చూశాడు. బల్ల పొడవంతా చూశాడు. బయట కార్లు ఆగిన చప్పుడైంది. పూలకుండీని ఒక పక్కకి జరిపి, చొక్కా సర్దుకుని, ఎదురు వెళ్ళాడు.

ఆ కాస్త వ్యవధిలో అతుకులమ్మ సన్నని కుంచె తీసింది. తీగకు వాడిన నీలమే తీసుకుని, గోడ మీది పలకలో దొరసాని మాటల కింద, గుండ్రంగా, తీరుబడిగా రాసింది: "చేతులు జారలేదు. పగలగొట్టాం."

వచ్చిన పెద్దమనుషులు పలక చదివి నవ్వబోయారు. పైవరస దగ్గర మొదలైన నవ్వు కింది వరస దగ్గర ఆగిపోయింది. తలాపున ఉన్న సగాలేమిటని ఎవరో అడిగారు. మట్టి మేడం ముందుకొచ్చి, వాళ్ళందర్నీ వెనక గుమ్మంలోంచి గడపల దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ రోజు దొర కుర్చీ దగ్గర ఎవరూ ఫొటో దిగలేదు.

అత్తగారు ఆలస్యంగా వచ్చింది. అలవాటు లేని చెప్పుల్లో నడుస్తూ బల్ల చుట్టూ తిరిగి, "ఇన్ని పళ్ళేల తిండి ఎవరు తినేవాళ్ళే?" అంది. తలాపు దగ్గర ఆగింది. రెండు సగాల మధ్య జాగాలో అరచెయ్యి పెట్టి చూసుకుంది. కోడలి కొంగులోంచి తన పళ్ళెం తీసుకుంది.

క్యూరేటరు ఆ పళ్ళేన్ని చూశాడు. ఎంతైనా ఆయన వస్తువుల మనిషి. కోపం పక్కకిపోయి చెయ్యి ముందుకొచ్చింది.

"అమ్మమ్మగారూ, ఇది మాకివ్వండి. అద్దాల పెట్టెలో పెట్టి చూసుకుంటాం. మీ ఇంట్లో పగిలిపోతుంది."

ముసలామె ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఇస్తాను నాయనా. మా ముత్తవ్వ వాళ్ళమ్మని ఓడెక్కించారు కదా. ఆవిడ నడుముకి కట్టుకుపోయిన ముక్క తెచ్చి దీని పక్కన పెట్టు. అంచుకి అంచు కలిస్తే నీదే."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మరి నాకు రేపట్నించి పని..." అంది అతుకులమ్మ, ఆయన వైపు చూడకుండా.

"రేపటి సంగతి రేపు," అన్నాడాయన, పలక మీది నీలం అక్షరాలు చూస్తూ. అది అవునో కాదో ఆమెకు తెలియలేదు. మళ్ళీ అడగలేదు.

"పదవే," అంది అత్తగారు, సగం పళ్ళేన్ని చంకలో పెట్టుకుని. "ఉప్పు తేమెక్కుతుంది."