ఓరిన్ కోల్బీ రాని ఊరు

ఓరిన్ కోల్బీ మీద నాకు అసూయ. అతను చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది. అయినా తగ్గలేదు.

అమెరికాలో ఉత్తరానికీ దక్షిణానికీ జరిగిన యుద్ధంలో మాది ఉత్తరం వైపు, విస్కాన్సిన్ వాలంటీర్ల పటాలం. మా కంపెనీలో అందరం మార్లో ఊరివాళ్లమే, కోల్బీ తప్ప. అతను ఎగువన నది మీద దుంగలు తోలేవాడు. వెనక ఎవరూ లేరు. పటాలం జెండా కుట్టింది మా ఊరి ఆడవాళ్లు. వాళ్లలో డోర్కాస్ ఒకతి. ఆమెను పెళ్లి చేసుకోవాలని నా కోరిక.

చట్టనూగా దగ్గర కొండ ఎక్కుతుండగా జెండా మోసేవాడు గుండు తగిలి పడిపోయాడు. జెండా నాకూ కోల్బీకీ మధ్య పడింది. దాన్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. తుపాకీ పోగొట్టుకుంటే శిక్ష అని రెండేళ్లుగా మాకు నూరిపోశారు. తుపాకీ ఎక్కడ ఆనించాలా అని నేను చూశాను. కోల్బీ తనది అవతలికి విసిరేశాడు. అంతే తేడా. ఆ రోజునుంచి జెండా అతనిది.

ఆ సంగతి ఊరికి తెలిసినప్పటినుంచి డోర్కాస్ నాకు రాసే ఉత్తరాల్లో నా దగ్గు ఎలా ఉందని రెండు వరుసలు, మిగతాదంతా కోల్బీ గురించే. పొడుగా? నవ్వుతాడా? సెలవుకి వచ్చేటప్పుడు మా ఇంటికి భోజనానికి పిలుచుకురా. అలా ఉండేవి.

ఆ చలికాలం కొత్త కబురు వచ్చింది. కంపెనీలో నాలుగింట మూడు వంతులమంది మరో మూడేళ్లకు సంతకం పెడితే, అందరం కలిసి ముప్పై రోజులు ఇంటికి వెళ్లొచ్చు. పటాలం పేరు నిలుస్తుంది. జెండాతో ఊళ్లో ఊరేగవచ్చు. మేం అరవైమందిమి మిగిలాం. నలభై అయిదుగురు కావాలి. నలభై నాలుగు సంతకాలు పడ్డాయి. మిగిలినవాళ్లు ససేమిరా అన్నారు. నేనొక్కణ్ణే ఎటూ తేల్చలేదు.

"ఏరా లెమ్, మూడేళ్లు బడికెళ్లావుగా. పేరు రాయడం మర్చిపోయావా?" అన్నాడు సైలస్ విగ్గిన్.

"ఆలోచిస్తున్నా."

"నువ్వు ఆలోచించడం మొదలెడితే యుద్ధం అయిపోతుందిరా బాబూ. మా ఆవిడ రొట్టె తిని రెండేళ్లయింది. నీకు పుణ్యముంటుంది, ఆ గీతేదో గీకు."

యుద్ధమంటే భయమని వాళ్లనుకున్నారు. అది కాదు. కోల్బీ జెండా ఎత్తుకుని చర్చి ముందునుంచి నడుస్తాడు, డోర్కాస్ మెట్లమీద నిలబడి చూస్తుంది. అది జరగకుండా ఆపడానికి నా చేతిలో ఉన్నది ఆ సంతకం ఒక్కటే.

నాలుగో రోజు కోల్బీ నా గుడిసెకి వచ్చాడు. గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు.

"డోర్కాస్ అంటే ఎవరు లెమ్?"

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే. నిద్దట్లో. సైలస్ అందరికీ చెప్పి నవ్విస్తున్నాడు." బూటుకంటిన బురద పుల్లతో గీకాడు. "ఆ ఊళ్లో నాకెవరున్నారు చెప్పు? ఇక్కడ జబ్బువాళ్ల గుడిసెలకి కాపలా కావాలట. నేనుంటాను. జెండా నువ్వు పట్టుకెళ్లు. కెప్టెన్ గారితో నేను చెప్తాలే."

"నీ జాలి నాకేం అక్కర్లేదు."

"జాలెవరికిరా? నాకు ఊరేగింపులంటే సిగ్గు. పో, సంతకం పెట్టు."

పెట్టాను. అతను మంచివాడు కాకపోయుంటే నాకింత బాధ ఉండేది కాదు.

మార్లోలో బాజాలు మోగాయి. జెండా నేనే మోశాను. చర్చి మెట్ల దగ్గర, తూటాలు తగిలి చిరిగిన చోట్ల డోర్కాస్ చెయ్యి పెట్టి చూసింది. తర్వాత నా భుజం మీదుగా వెనక వరుసల్లోకి చూసింది.

"వీళ్లలో కోల్బీ ఎవరు?"

"రాలేదు."

"అదేం? వంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు. ఈ పల్లెటూరికి రావడం టైం దండగ అన్నాడు."

ఆమె ముఖం చిన్నబోయింది. "అలాంటివాడా," అంది. ఆ సెలవు అయిపోయేలోగానే, యుద్ధంనుంచి తిరిగొచ్చాక నన్ను చేసుకుంటానని మాటిచ్చింది.

జూన్‌లో జార్జియాలో కోల్బీ చనిపోయాడు. జెండా అప్పుడు మళ్లీ అతని చేతిలోనే ఉంది. యుద్ధం ముగిశాక నేను ఇంటికి వచ్చి డోర్కాస్‌ని చేసుకున్నాను. ఆవులు, మొక్కజొన్న చేను, ముగ్గురు పిల్లలు. కోల్బీ పేరు ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. నేను నెగ్గాననుకున్నాను.

పోయిన ఏడు ఊళ్లో సైనికుల స్మారకం నిలబెట్టారు. కోల్బీ పేరు కూడా చెక్కారు. డోర్కాస్ అందరి పేర్లనూ చేత్తో తడిమి, అతని పేరు దాటేసింది. అది చూసి నేను సంతోషించాలి. సంతోషించలేకపోయాను.

ఇంటికి వచ్చాక చెప్పాను. సంతకం, గుడిసెలో మాటలు, మెట్ల దగ్గర నేనాడిన అబద్ధం, అన్నీ. ఆమె పిండి పిసుకుతూ ఉంది. ఆపలేదు.

"ముప్పై ఏళ్లు అతన్ని మనసులో తిట్టుకున్నాను," అంది. "ఎక్కడ పాతిపెట్టారు?"

"జార్జియాలో. మారియెట్టా అనే ఊరు."

"రైల్లో ఎన్ని రోజులు?"

"రెండు."

"నేను వెళ్తాను. నువ్వొస్తే రా."

వెళ్లాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పొడుగా అని అడిగింది. నా అంతే అన్నాను. ఇంకా ఏమిటి అంది. కాఫీలో రొట్టెముక్క నానబెట్టుకుని పిల్లిలా కళ్లు మూసుకుని తినేవాడని చెప్పాను. పాడటం రాదని, అయినా పాడేవాడని చెప్పాను. ఆమె నవ్వింది. నాతో ఉన్నన్నాళ్లలో ఆ నవ్వు నేను వినలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఇంకా?" అంది.

చెప్పాను.