కట్టిన రోజుకి ముడి లేదు

కమిషన్ నుంచి కవరు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి వరహాలుకి ముద్ద దిగడం లేదు. కవరు వస్తే సంతోషించాలి గదా అంటారు తెలియనివాళ్లు. పదకొండేళ్లలో ఆయన గడపకి వచ్చిన ఏ సర్కారు కాగితమూ కొండ దిగి రమ్మనడానికి తప్ప రాలేదు.

కవరు చించింది తెరిసమ్మ టీచరు. గూడెం కొత్తవీధి మిషన్ బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చిన్న కేసుని ఇన్నేళ్లు సాగదీయడం మా హక్కులను కాలరాయడమేనని ముద్దాయిలందరి తరఫునా మానవ హక్కుల కమిషన్‌కు అర్జీ రాసింది ఆవిడే. ఆవిడ వరండా బల్ల మీద వరహాలు, ఆయన పక్కన కూతురు సాయిదుర్గ కూర్చున్నారు.

కేసు నిజంగా చిన్నదే. కాఫీ మొక్కలు వేసుకున్న కొండవాలు ఊరిదా, అటవీ శాఖదా అన్న గొడవలో గూడేలవాళ్లు ఎనిమిది మంది కలిసి సర్వే సిబ్బందిని అడ్డుకున్నారట. అప్పటికి సాయిదుర్గకి పద్దెనిమిది నిండి మూడు నెలలు. తండ్రికి అంబలి క్యారేజీ పట్టుకుని కొండెక్కిన పిల్ల, ఎనిమిదో ముద్దాయిగా దిగింది. వాయిదాల మధ్యనే నర్సు చదువు పూర్తి చేసింది. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లకి ఆశ్రమ పాఠశాలలో నర్సు ఉద్యోగం వచ్చింది. వచ్చిందేగాని చేతికందలేదు. పోలీసు విచారణలో కేసు పెండింగ్ అని రాశారు. వచ్చే నెలాఖరులోగా ఏదో ఒకటి తేలకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్లకి పోతుంది. కేసు బేగి తేల్చమని, అందాకా ఉద్యోగం ఆపి ఉంచమని కమిషన్ ఒక్క మాట రాస్తుందేమోనని వీళ్ల ఆశ.

తెరిసమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

"ఆలస్యానికి కారణం ముద్దాయిలేనని నివేదిక వచ్చిందట. 2019 జూన్ 12న ఎనిమిది మందీ హాజరు కాలేదు, వారంట్లు ఇవ్వాల్సి వచ్చింది, దాంతో విచారణ ఏడాది వెనకబడింది అంటున్నారు. దీనికి పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. లేకపోతే అర్జీ మూసేస్తారు."

ఆ జూన్ పన్నెండు ఎలా తప్పిందో వరహాలుకి తెలుసు.

ఎనిమిది మంది ముద్దాయిలు అయిదు గూడేల్లో ఉంటారు. సగం గూడేలకు సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉన్నచోట ఫోన్లో చార్జింగ్ ఉండదు. ఒక్కరు రాకపోయినా వాయిదా పడుతుంది. అందుకని పెళ్లికి, పండక్కి పిలుపు పంపే పాత పద్ధతినే వరహాలు కోర్టుకీ వాడాడు. తేదీ ఇవ్వగానే గేటు బయట కూర్చుని, అడ్డతీగ నారతో ఎనిమిది తాళ్లు పేని, ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేసి తలా ఒకటి ఇచ్చేవాడు. రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పాలి. ఆఖరి ముడి విప్పిన రోజున కొండ దిగాలి. కట్టిన రోజుకి ముడి లేదు. ఇది తాతలనాటి లెక్క, చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఆ ఏడాది మే మూడున తేదీ ఇచ్చారు. భార్య గంగ మలేరియాతో పాడేరు ఆస్పత్రిలో ఉంది. ఆఖరి బస్సు వెళ్లిపోతుందన్న ఆత్రంలో వరహాలు వేళ్లు ముడులు వేశాయిగాని మనసు గంగ మంచం దగ్గరే ఉంది. నలభై వెయ్యవలసిన మొదటి తాడుకి నలభై ఒకటి పడ్డాయి, తక్కిన ఏడూ దాన్ని చూసే కట్టాడు. ఎనిమిది మందీ బుద్ధిగా రోజుకొకటి విప్పుకుని, బుద్ధిగా ఒకరోజు ఆలస్యంగా కోర్టు గేటు దగ్గరికి వచ్చారు.

అందరూ ఏమైందని అడిగితే, "కోర్టోళ్లు తేదీ మార్సేసినారంట" అన్నాడు వరహాలు. కోర్టు ఏం చేసినా నమ్మే స్థితిలో ఉన్నారు గనుక అందరూ నమ్మారు. తక్కినవాళ్ల వారంట్లు ప్లీడరు వెనక్కి తీయించాడు. ముసలి యర్రయ్యకి మాత్రం మళ్లీ పూచీ నిలబడే మనిషి దొరక్క పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. యర్రయ్య ఇప్పుడు లేడు. పోయేదాకా కోర్టునే తిట్టుకున్నాడు, వరహాలుని ఒక్క మాట అనలేదు.

"భయం లేదులే వరహాలూ," అంది తెరిసమ్మ కాగితం తీస్తూ. "ఆ రోజు కోర్టువాళ్లే తేదీ మార్చారని చెప్పావు గదా. అదే ప్రమాణం చేసి రాద్దాం. నువ్వు మొదటి ముద్దాయివి, నువ్వు సంతకం పెడితే చాలు."

పెన్ను వరహాలు చేతికి వచ్చింది. సంతకం పెడితే ఒక అబద్ధం, అదీ ఆరేళ్లుగా నలిగి మెత్తబడిన అబద్ధం. పెట్టకపోతే తప్పు మీదేనంటారు, అర్జీ మూస్తారు, కూతురి ఉద్యోగం గాల్లో కలుస్తుంది. కూతురి వంక చూశాడు. సాయిదుర్గ తలెత్తలేదు, చీర అంచు దారం లాగుతోంది. దాహమని లేచి కుండ దగ్గరికి వెళ్లి రెండు గ్లాసులు తాగాడు. దాహం తీరలేదు. నిలబడే ఉండిపోయాడు.

"ఏటైంది వరహాలూ?"

"నానే తప్పు కట్టేను టీచరమ్మా," అన్నాడు గోడవైపు తిరిగే. "ఓ ముడి ఎక్కువేసేను. గంగ ఆస్పత్రిలో ఉంది, నా మనసు నా కాడ లేదు. తేదీ ఎవులూ మార్సలేదు. మీ అందరికీ అబద్దం సెప్పేను. యర్రయ్య మావ నా మూలంగానే జైల్లో కూకున్నాడు."

వరహాలు వదిలేసి వెళ్లిన పెన్ను తెరిసమ్మ చేతిలోకి తీసుకుంది. మాట్లాడింది సాయిదుర్గ.

"నాకు తెలుసు నాన్నా."

"ఏటి తెలుసు?"

"మే మూడు నుంచి జూన్ పన్నెండుకి నలభై రోజులే. నా తాడుకి నలభై ఒకటి ఉన్నాయి. ముందే లెక్కెట్టేను. నువ్వు కట్టిన తాడు తప్పవుద్దా, నేనే తేదీ తప్పు విన్నానేమో అనుకుని ఊరుకున్నాను. నోరిప్పి అడిగుంటే అయిపోయేది."

"మరిన్నేళ్లూ ఎవులికీ సెప్పలేదేటి గుంటా?"

"నువ్వు చెప్తావని చూసేను."

వరహాలు బల్ల మీద కూలబడి పైగుడ్డతో మొహం కప్పుకున్నాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, గుండెల మీద రాయి దింపినట్టూ అనిపించింది. ఇందులో ఏది ముందో ఆయనకే తెలియలేదు.

తెరిసమ్మ కమిషన్ ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివింది. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు ఆవిడ ఎలా ఉండేదో సాయిదుర్గకి గుర్తే. చివరికి కొత్త కాగితం తీసుకుని, రాస్తూ పైకి చదివింది.

"2019 జూన్ 12న రాకపోవడం మా తప్పే. రోజుల తాడులో ఒక ముడి ఎక్కువ పడింది. మరునాడు పొద్దున్నే ఎనిమిది మందిమీ గేటు దగ్గర ఉన్నాం. ఆ ఒక్క రోజు మాది, ఒప్పుకుంటున్నాం. సాక్షులు రాక పంతొమ్మిది వాయిదాలు పోయాయి. జడ్జిగారి కుర్చీ ఖాళీగా పధ్నాలుగు నెలలు పోయాయి. మా ఎనిమిది మందిలో ఇద్దరు చనిపోయారు. కేసు పెట్టి నాలుగు వేల రోజులు దాటింది. అందులో ఒకటి మాది. మిగిలినవి ఎవరివో వాళ్లు కూడా మాలాగే ఒప్పుకోవాలని కోరుతున్నాం."

వరహాలు సంతకం పెట్టాడు. పేరులో ఉన్న అక్షరాలన్నీ పడ్డాయో లేదోనని రెండుసార్లు చూసుకున్నాడు. అక్కణ్నుంచి బతికున్న ముద్దాయిల ఇళ్లకీ, యర్రయ్య కొడుకు ఇంటికీ తిరిగి తన తప్పు చెప్పుకున్నాడు. కొందరు పోనీలే అన్నారు. యర్రయ్య కొడుకు మాత్రం తలుపు వేసుకున్నాడు.

పద్దెనిమిదో రోజున సాయిదుర్గ ఫోనుకి కబురొచ్చింది. అర్జీ మూయలేదు. పాడేరులో ఒక ఆఫీసులో వీడియో మీద వింటారట, అందరూ రావాలి. ఇంకా ఇరవై మూడు రోజులుంది. ఉద్యోగం గడువుకి ఇరవై ఆరు.

"నాన్నా, తాళ్లు కట్టు."

"నాను కట్టనే. సచ్చినా కట్టను. నీ ఫోన్లో ఉంది గదా తేదీ."

"నా ఫోన్లో ఉంటే అవతలి గూడేలోళ్లకి ఎలా తెలుస్తాది? కట్టు. నేను లెక్కెడతాను."

నార తెచ్చి ఒళ్లో పడేసింది. ఆయన గొణుక్కుంటూనే ముడులు వేశాడు. ఒక్కో తాడూ ఆమె లెక్కపెట్టింది, తర్వాత ఆయన లెక్కపెట్టాడు, పొయ్యి దగ్గర్నుంచి వచ్చి గంగ కూడా లెక్కపెట్టింది. ప్రతిసారీ ఇరవై మూడే.

"కట్టిన రోజుకి?" అన్నాడు వరహాలు, చిన్నపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు.

"ముడి లేదు నాన్నా."

మర్నాడు తెల్లారగానే వరహాలు కూతురు పడుకున్న చోటికి వచ్చి భుజం తట్టాడు. ఆమె ఉలిక్కిపడి లేచింది. ఆయన తాడు ఆమె కళ్ల ముందు పట్టుకున్నాడు.

"సూడు," అన్నాడు. "నువ్వు సూత్తండగా ఇప్పుతాను. ఒకటే ఇప్పుతున్నాను."