మూడో ఆదివారం ప్రశ్న

రాతి గోడల లోపల ఎండాకాలం ఉండదు.

బయట కాజీపేట రోడ్డు కాలిపోతోంది. లోపల చల్లదనం... తడి సున్నం వాసన, దూలాల మీద పావురాల రెక్కల చప్పుడు.

హారిక ఆ చల్లదనాన్ని నమ్మదు.

రైల్వే దొరలు కట్టుకున్న ఏసు గుడి ఇది. గోడకు ఇత్తడి పలకలు. వాటి మీద ఇక్కడి జ్వరాలకు పోయిన తెల్లవాళ్ళ పేర్లు. ముందు బెంచీలు దొరలవి. తలుపు దగ్గరి నేల మనవాళ్ళది. తర్వాత దొరలు పోయారు. బిషప్ గారి కుర్చీ వచ్చింది, దానితో కెథడ్రల్ అన్న పేరూ వచ్చింది. బెంచీలు అందరివీ అయ్యాయి.

ఒక్క ప్రశ్న మాత్రం మారలేదు.

దొరల పెళ్ళిళ్ళకు ఇంగ్లీషులో అడిగేవారు — ఇప్పుడు తెలుగులో అడుగుతున్నారు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు, జంట పేర్లు చదివి, అందరి ముందూ. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?

తగిన కారణం చెబితే పెళ్ళి ఆగిపోతుంది.

హారిక, ఉదయ్. ఈ పేర్లు ఇప్పటికి రెండుసార్లు చదివారు. రెండుసార్లూ ఎవరూ లేవలేదు.

ఈరోజు మూడోది.

ఈరోజు బాపు వచ్చాడు.

ఆమె తండ్రి చంద్రమౌళికి హనుమకొండలో బట్టల దుకాణం. కూతురు బాప్తిస్మం తీసుకున్నాక ఆమెతో మాట మానేశాడు. మొన్న ఉన్నట్టుండి ఫోన్ చేశాడు. తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆఖరుసారి అడిగేది ఈ ఐతారమేనా బిడ్డా?"

బిడ్డా అన్నాడు.

బేరం తెగ్గొట్టే ముందు బాపు గొంతు అలాగే మెత్తబడుతుంది.

ఇప్పుడు ఆయన చిట్టచివరి బెంచీలో, తలుపు పక్కన. హారిక వెనక్కి తిరగదు. వీపుతో చూస్తోంది. ఎవరో దగ్గారు... బాపేనా? మగవాళ్ళ వైపు నుంచి ఉదయ్ నవ్వాడు. ఆ నవ్వును కూడా అనుమానించింది.

పక్కన కూర్చున్న ఉదయ్ తల్లి మల్లక్క, హారిక చెవిలో గొణిగింది. "మీ బాపు సంచిల కొబ్బరికాయ తెచ్చిండు పిల్లా. ఈడ కొట్టనియ్యరని ఎవలన్న చెప్పుండ్రి."

పాస్టర్ గారు పేర్లు చదివారు. ప్రశ్న అడిగారు.

వెనక బెంచీ కిర్రుమంది.

తలలన్నీ తిరిగాయి. బాపు లేచి నిలబడ్డాడు.

"నేను పిల్ల తండ్రిని సార్. నాకు అభ్యంతరం లేదు."

లేనివాళ్ళు లేవనక్కర్లేదని పాస్టర్ గారు నవ్వుతూ చెప్పారు.

"అడిగినంక నోరిప్పకుంట ఎట్ల కూసుంట సార్? మా దిక్కు తండ్రి సప్పుడు జెయ్యకుంటె ఒప్పుకోనట్టే."

గుడి అంతా నవ్వింది. ఎవరో ఆమేన్ అన్నారు. మల్లక్క కళ్ళు తుడుచుకుంది.

హారికకు ఊరట రావాలి.

రాలేదు.

మెట్టు ఉందనుకుని వేసిన అడుగు గాలిలో పడినట్టు... లోపల ఏదో జారింది. వద్దనే మనిషి ఒకడున్నాడని ఇన్నాళ్ళూ గట్టిగా నిలబడింది. ఆ మనిషి తప్పుకున్నాడు. ఎదురు తోసే చెయ్యి లేదు. ఇప్పుడు తన బరువు తనకే తెలుస్తోంది.

ఆయన కాదంటాడేమోనని భయపడిందా?

లేక... ఎదురుచూసిందా?

"ఇంకెవరికైనా?" పాస్టర్ గారు సరదాగానే అడిగారు.

పావురాలు కూడా కదలడం లేదు.

హారిక చెయ్యి ముందు బెంచీ అంచును పట్టుకుంది. చెక్క చల్లగా తగిలింది. ఆ చేతిని తనది కానట్టు చూసింది —

ఆ పట్టు కూర్చునే ఉండటానికో... లేచి తనే జవాబు చెప్పడానికో.