మాట్లాడకూడని మనిషి

తీర్మానానికి గజేందర్ చెయ్యెత్తాడు. తల దించుకుని ఎత్తాడు గనుక తనది పెద్ద తప్పు కాదనుకున్నాడు. అలా సర్దిచెప్పుకోవడంలో ఆయన దిట్ట.

ఆర్మూర్‌కు కూతవేటు దూరంలోని ఊరది. ఫంక్షన్ హాలు గోడ కోసం ఊరి కమిటీ అడిగితే, ముత్తెన్న తన ఇంటి జాగా ఇవ్వనన్నాడు. అంతే, వెలి వేశారు. అతనితో ఎవరూ మాట్లాడకూడదు, పనికి పిలవకూడదు, దుకాణంలో ఉప్పు కూడా అమ్మకూడదు. మాట్లాడితే జరిమానా. గుడి మైకులో చాటించారు కూడా.

కమిటీలో గజేందర్ ఒక మెంబరు, పసుపు పండించే పెద్ద రైతు. ముత్తెన్న ఆయన దగ్గర కూలి చేసేవాడే, కానీ అంతకన్నా ముందు చిన్ననాటి దోస్తు. లెక్కల పరీక్ష తప్పి తండ్రి దెబ్బలకు పారిపోయిన గజేందర్‌ను ముత్తెన్న తన ఇంట్లోనే దాచాడు. వాళ్లమ్మ లసుమవ్వ జొన్నరొట్టె పెట్టి కడుపులో పెట్టుకుని చూసింది.

"నువ్వన్న జర అడ్డం చెప్పకపోతివా?" అని భార్య యమున అడిగింది.

"నేనొక్కణ్ణి చెప్తే ఇంటరా?" అన్నాడు. చెప్పి చూడలేదని ఇద్దరికీ తెలుసు.

మార్చి వచ్చింది. ఉడకబెట్టిన పసుపు ఇంటి పక్కనున్న కల్లమంతా ఆరబోసి ఉంది. తడిస్తే కొమ్ము నల్లబడుతుంది, ఏ వ్యాపారీ ముట్టడు, ఏడాది కష్టం మట్టిపాలే. కూలీలు అన్నానికి పోయిన వేళ మబ్బు కమ్మేసింది. మొగుడూ పెళ్లాలు పరదాలు లాగలేక అవస్థ పడుతుంటే, గాలికి లేచిపోతున్న అంచును ఎవరో ఒడిసి పట్టుకున్నారు. చూస్తే ముత్తెన్న.

పలకరింపు లేదు. పసుపును కుప్పకు ఎగదోశాడు, పరదా కప్పాడు, అంచుల మీద రాళ్లు పెట్టసాగాడు. గజేందర్ ఏదో అనబోతే వద్దన్నట్టు చెయ్యూపి, రోడ్డు వైపు చూపించాడు. ఎవరైనా చూస్తే నీకు జరిమానా పడుతుందని. తనను వెలి వేసిన వాణ్ణే ఆ వెలి నుంచి కాస్తున్నాడు. గజేందర్‌కు ప్రాణం చివుక్కుమంది. ఏమైతే అయింది, పేరు పెట్టి పిలుద్దామని గట్టిగా అనుకున్నాడు.

వాన మొదలైంది. అప్పుడే కమిటీ చైర్మన్ సుకుమార్ బండి కల్లం ముందు ఆగింది.

"ఏందే గజేందరన్నా, వీడు నీ కల్లంల ఉన్నడు?"

గజేందర్ నోరు తెరిచాడు. అనుకున్నదొకటి, వచ్చింది ఇంకొకటి.

"నా పసుపు ముట్టమని నిన్నెవడు పిలిచిండ్రా? నడువ్ ఈడికెళ్లి."

ముత్తెన్న చేతిలో ఇంకా ఒక రాయి ఉంది. దాన్ని పరదా అంచు మీద మెల్లగా పెట్టి, వానలోకి నడిచిపోయాడు.

"తిట్టుడు మాట్లాడుడు కిందికి రాదులే అన్నా," అని సుకుమార్ నవ్వాడు.

నవ్వాలని చూసిన గజేందర్‌కు సిగ్గుతో ముఖం మండిపోయింది. యమున మొగుడి వైపు చూడనైనా చూడలేదు. కొంగు నెత్తిన వేసుకుని వానలోకి దిగింది.

"ముత్తెన్నా, ఆగే. ఇంట్లకొచ్చి ఇంత చాయ్ తాగి పో," అని ఊరంతా వినేటట్టు పిలిచింది.

సుకుమార్ నవ్వు ఆగిపోయింది. "గిది మాట్లాడుడేనే అన్నా. జుర్మానా పడ్తది."

"కడ్త తీయ్," అన్నాడు గజేందర్.

కట్టగలడు, అదెంత పని. కానీ ముత్తెన్న ఆగి వెనక్కి తిరుగుతుంటే, ఆ ముఖం చూడలేక పరదా సర్దుతున్నట్టు వంగి కూర్చున్నాడు.